విండోస్ అప్‌గ్రేడ్ చేసేటప్పుడు తెర భాషను తెలుగులోకి మార్చుకోవడం ఎలా?

ఎలాగూ కొత్త విండోస్ ఎక్కిస్తున్నాం కదా, పనిలో పనిగా భాష కూడా మార్చేద్దాం అనుకుంటున్నారా? కాస్త ఆగండి. అప్‌గ్రేడ్ ఒక పని, భాష మార్చుకోవడం ఇంకో పని. ముందు ఉన్న భాషలోనే అప్‌గ్రేడ్ పూర్తి చేసి, అంతా కుదురుకున్నాక తెలుగులోకి మారితే ఏ గొడవా ఉండదు. రెండూ కలిపితే ఏమవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే నేను కలిపాను.

ఒక పాత ల్యాప్‌టాప్‌ని విండోస్ 10 నుంచి 11కి మార్చాలని ఐఎస్ఓ ఫైల్ (విండోస్ ఎక్కించడానికి కావాల్సినదంతా ఒకే ఫైల్‌గా ఉండేది) దింపుకోవడానికి కూర్చున్నాను. భాషల జాబితాలో ఇంగ్లీష్ రెండుసార్లు ఉంది. ఒకటి ‘ఇంగ్లీష్ యునైటెడ్ స్టేట్స్’, రెండోది ‘ఇంగ్లీష్ ఇంటర్నేషనల్’. ఇంటర్నేషనల్ అంటే అందరికీ పనికొచ్చేదేమో అని దాన్నే దింపాను. సెటప్ నడిపితే చివర్లో ‘ఏమేం ఉంచాలి?’ అని అడిగే తెర వచ్చింది. అందులో ‘ఫైల్స్, యాప్స్ రెండూ ఉంచు’ అన్న మొదటి ఎంపిక గ్రే అయిపోయి ఉంది, ఎన్నిసార్లు నొక్కినా కదల్లేదు. కొత్త వెర్షన్‌లో ఇంతేనేమో అనుకుని ‘ఫైల్స్ మాత్రమే’ నొక్కి ముందుకెళ్లిపోయాను. పని అయ్యాక చూస్తే ఫోటోలు, డాక్యుమెంట్లు భద్రంగా ఉన్నాయి. ప్రోగ్రాములు మాత్రం ఒక్కటీ లేవు. వాటి లైసెన్స్ నంబర్లు వెతుక్కుంటూ అన్నీ మళ్లీ ఎక్కించడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

తప్పు నాదే. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది అమెరికా ఇంగ్లీష్, నేను తెచ్చింది బ్రిటన్ ఇంగ్లీష్. మనకి రెండూ ఇంగ్లీషే. సెటప్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు భాషలు.

పుట్టు భాష, పై భాష

విండోస్‌కి రెండు పొరల్లో భాష ఉంటుంది. మొట్టమొదట ఏ భాషలో ఇన్‌స్టాల్ చేశారో అది అడుగు పొర. దాన్ని బేస్ భాష అంటారు, నేను పుట్టు భాష అంటాను. దానిమీద మనం కప్పుకునే దుప్పటి డిస్‌ప్లే భాష. దుప్పటి ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. పుట్టు భాష మారాలంటే విండోస్‌ని మళ్లీ మొదటినుంచి ఎక్కించాల్సిందే. అప్‌గ్రేడ్ సమయంలో సెటప్ పోల్చి చూసేది ఈ పుట్టు భాషనే. మీ తెర మీద తెలుగు కనిపిస్తోందా, హిందీ కనిపిస్తోందా అన్నది దానికి అనవసరం.

పూర్తిగా అనువాదమై, పుట్టు భాషగా ఉండగలిగేవి విండోస్‌లో 38 భాషలు. తెలుగు వాటిలో లేదు. తెలుగుది ‘లాంగ్వేజ్ ఇంటర్‌ఫేస్ ప్యాక్’ అనే రెండో తరగతి. అడుగున ఇంగ్లీష్ ఉంటేనే దానిమీద తెలుగు నిలబడుతుంది. అందుకే తెలుగు విండోస్ ఐఎస్ఓ కోసం వెతకడం దండగ, అలాంటిది లేదు. ఎవరైనా తమ సైట్‌లో ఉందని చెబితే ఆ పేజీ మూసేయండి.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

విండోస్ అప్‌డేట్ ద్వారానే కొత్త వెర్షన్ వస్తుంటే పుట్టు భాష గురించి దిగులు పడక్కర్లేదు, సరిపోయే భాషను అదే తెచ్చుకుంటుంది. మీ కంప్యూటర్‌కి ఆ దారి తెరిచి ఉంటే నా ఓటు దానికే. ఐఎస్ఓతోనో పెన్ డ్రైవ్‌తోనో చేయాల్సి వస్తేనే ఈ కింది పరీక్ష.

స్టార్ట్ మెనూలో రిజిస్ట్రీ ఎడిటర్ (విండోస్ లోపలి అమరికలు చూపించే ప్రోగ్రామ్) అని వెతికి తెరవండి. ఎడమవైపు హెచ్‌కీ లోకల్ మెషీన్, దానిలో సిస్టమ్, దానిలో కరెంట్ కంట్రోల్ సెట్, దానిలో కంట్రోల్, దానిలో ఎన్ఎల్ఎస్, చివరికి లాంగ్వేజ్. ఒక్కోటి విప్పుకుంటూ అక్కడిదాకా వెళ్లండి. కుడివైపు నాలుగంకెల కోడ్‌ల పెద్ద పట్టిక వస్తుంది. కంగారు పడకుండా అట్టడుగుకి జరిపితే ‘ఇన్‌స్టాల్ లాంగ్వేజ్’ అన్న వరుస ఉంటుంది. దాని పక్కన 0409 ఉంటే అమెరికా ఇంగ్లీష్, 0809 ఉంటే ఇంటర్నేషనల్ అని దింపుకోవాల్సిన బ్రిటన్ ఇంగ్లీష్. ఆ నంబర్ ఒక కాగితం మీద రాసుకుని ఎడిటర్ మూసేయండి. చూడటమే తప్ప అక్కడ దేన్నీ మార్చొద్దు. ఆ నంబర్ మారిస్తే సెటప్‌ని బోల్తా కొట్టించవచ్చని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అడుగున ఉన్న ఫైళ్లు ఒక భాషవి, పేరు ఇంకో భాషది అయ్యాక వచ్చే చిక్కులు విప్పడం మన వల్ల కాదు.

రెండో పరీక్ష ఎడిషన్. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి ఎడిషన్ వరుస చదవండి. ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ అని ఉంటే ఆ లైసెన్స్ ఒకే ఒక్క డిస్‌ప్లే భాషకి. ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిన విండోస్‌లో ఇది తరచూ కనిపిస్తుంది. భాషల పేజీకి వెళ్తే మీ లైసెన్స్ ఒకే డిస్‌ప్లే భాషకి పనిచేస్తుందన్న సందేశం కనిపించడానికి కారణం ఇదే. మీ కంప్యూటర్ చెడిపోలేదు, మీరేం తప్పు చేయలేదు. అప్‌గ్రేడ్ చేసినా ఎడిషన్ మారదు కాబట్టి ఆ హద్దు కూడా కొత్త వెర్షన్‌లోకి వెంటే వస్తుంది. ప్రో ఎడిషన్‌కి డబ్బు కట్టి మారితే ఆ హద్దు పోతుంది. మారకపోయినా తెలుగు కీబోర్డు, తెలుగు ఫాంట్లు మాత్రం మామూలుగానే పెట్టుకోవచ్చు. మీకు కావాల్సింది తెలుగులో రాసుకోవడం, చదువుకోవడం వరకే అయితే మెనూలు ఏ భాషలో ఉంటే ఏం? దానికోసం డబ్బు ఖర్చు పెట్టమని నేనైతే చెప్పను.

ఆఫీసు కంప్యూటర్ అయితే ఐటీ వాళ్లని అడగకుండా ఏదీ ముట్టుకోకండి.

అప్‌గ్రేడ్

1. ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని ఫైళ్లకి తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో ముందే చూసి, ఆ కంప్యూటర్‌లో కాకుండా బయట దాచుకోండి.

2. ఇప్పటికే మీ తెర తెలుగులో ఉంటే అప్‌గ్రేడ్ పూర్తయ్యేవరకు ఇంగ్లీష్‌కి మార్చండి. ఇది తప్పనిసరి కాదు, నా అలవాటు. మధ్యలో ఏదైనా ఎర్రర్ వస్తే ఇంగ్లీష్ వాక్యం పట్టుకుని వెతికితే పది జవాబులు దొరుకుతాయి, దాని తెలుగు అనువాదంతో వెతికితే ఒక్కటీ దొరకదు. తెలుగులోనే ఎర్రర్ వచ్చి ఆగిపోయారా? వాక్యాన్ని వదిలేసి ఎర్రర్ నంబర్‌తో వెతకండి, అది ఏ భాషలోనైనా ఒకటే.

3. సెటప్ మొదట్లో ‘అప్‌డేట్లు దింపుకోమంటారా?’ అని అడుగుతుంది. తొందరలో చాలామంది వద్దనేస్తారు. వద్దనకండి. మీరు ఇంతకుముందు చేర్చుకున్న భాషా ప్యాక్‌లను కొత్త వెర్షన్‌కి సరిపోయేలా తిరిగి తెచ్చేది ఆ దశే. నెట్ లేకుండా అప్‌గ్రేడ్ చేస్తే తెర తిరిగి ఇంగ్లీష్‌కి జారిపోవడానికీ, సగం సగంగా కనిపించడానికీ మూలం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

4. ‘రెడీ టు ఇన్‌స్టాల్’ తెర దగ్గర చెయ్యి ఆపండి. ఫైల్స్, యాప్స్ రెండూ ఉంచుతున్నట్టు అక్కడ రాసి ఉండాలి. లేకపోతే ‘ఏం ఉంచాలో మార్చు’ లింక్ నొక్కి చూడండి. మొదటి ఎంపిక గ్రేగా ఉంటే వెనక్కి వచ్చేయండి. సాధారణంగా ఐఎస్ఓ భాష తేడా, లేదంటే ఎడిషన్ తేడా. సరైన ఐఎస్ఓ మళ్లీ దింపడానికి పట్టేది గంటో రెండు గంటలో. ఆ ఒక్క నొక్కుతో పోయేది నా విషయంలో ఎంతో పైన చెప్పాను.

5. అయ్యాక విండోస్ అప్‌డేట్ తెరిచి, ఇంకేం లేవనేవరకు అన్నీ వేసుకుని ఒకసారి రీస్టార్ట్ చేయండి. పాత వెర్షన్‌కి తిరిగి వెళ్లే దారి 10 రోజులు తెరిచి ఉంటుంది. కాబట్టి ప్రింటర్, స్కానర్, రోజూ వాడే ప్రోగ్రాములు అన్నీ ఆ లోపలే నడిపి చూసుకోండి.

ఇప్పుడు తెలుగు

సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్. ‘యాడ్ ఎ లాంగ్వేజ్’ నొక్కి తెలుగుని ఎంచుకోండి. తర్వాతి తెరలో భాషా ప్యాక్‌కి టిక్ ఉండాలి. ‘విండోస్ డిస్‌ప్లే భాషగా పెట్టు’ అన్న గడికి మాత్రం ఇప్పుడే టిక్ పెట్టకండి. ముందు ప్యాక్ పూర్తిగా దిగనివ్వండి. దిగాక అదే పేజీలో అన్నిటికంటే పైన ఉండే విండోస్ డిస్‌ప్లే లాంగ్వేజ్ వరుసలో తెలుగు ఎంచుకుంటే సైన్ అవుట్ చేయమంటుంది. తెరిచి ఉన్న ఫైళ్లు సేవ్ చేసుకుని సైన్ అవుట్ అవ్వండి. తిరిగి లోపలికి వచ్చేసరికి స్టార్ట్ మెనూ, సెట్టింగ్స్ తెలుగులో పలకరిస్తాయి.

అన్నీ మాత్రం కాదు. కొన్ని డైలాగ్ పెట్టెలు, లోలోపలి సెట్టింగులు ఇంగ్లీష్‌లోనే ఉంటాయి. ఇంటర్‌ఫేస్ ప్యాక్ అనువదించేది తరచుగా కనిపించే భాగాలనే, మిగతా చోట్ల అడుగున ఉన్న పుట్టు భాష బయటపడుతుంది. ఇది లోపం కాదు కాబట్టి దీన్ని బాగుచేయడానికి రాత్రంతా కూర్చోకండి. నిన్నటిదాకా తెలుగులో ఉన్న చోటే అప్‌గ్రేడ్ తర్వాత ఇంగ్లీష్‌కి మారిందంటే అది వేరే సంగతి. విండోస్ 11లో తెలుగు ప్యాక్ మైక్రోసాఫ్ట్ స్టోర్ ద్వారా వస్తుంది. స్టోర్ తెరిచి లైబ్రరీలో అప్‌డేట్లు వెతికించండి. తెలుగు లోకల్ ఎక్స్‌పీరియన్స్ ప్యాక్ (స్టోర్‌లో ఆ తెలుగు ప్యాక్ పేరు ఇదే) పాతదై ఉంటే అక్కడ కొత్తది దిగుతుంది.

లాగిన్ తెర ఇంకా ఇంగ్లీష్‌లోనే ఉంటే లాంగ్వేజ్ అండ్ రీజియన్ పేజీ కిందిభాగంలో అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్ ఉంటుంది. పాతకాలపు పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. అందులో ‘కాపీ సెట్టింగ్స్’ నొక్కితే మీ భాష, లాగిన్ తెర భాష, ఇకముందు సృష్టించే ఖాతాల భాష మూడు భాగాలుగా కనిపిస్తాయి. కింద రెండు గడులు. లాగిన్ తెరకి ఒకటి, కొత్త ఖాతాలకి ఒకటి. ఆ కంప్యూటర్ వాడేది మీరొక్కరే అయితే రెండూ పెట్టండి. నలుగురూ వాడేదైతే అసలు ఆ జోలికే వెళ్లొద్దు.

ఎందుకంటే ఇక్కడే అందరినీ పడేసే ఒక గొయ్యి ఉంది. తెలుగు పైకి వచ్చిందంటే దానితో పాటు తెలుగు కీబోర్డు కూడా ముందుకి వస్తుంది. ఆ అమరిక లాగిన్ తెరకి కూడా కాపీ అయ్యాక, మర్నాడు పొద్దున పాస్‌వర్డ్ కొడితే తప్పంటుంది. ఇంకోసారి నిదానంగా కొట్టినా తప్పే. చుక్కల వెనక పడుతున్నవి తెలుగు అక్షరాలని మనకి తట్టదు కదా, పాస్‌వర్డే మర్చిపోయామనుకుంటాం. కుడివైపు కింద మూలలో చూడండి, కీబోర్డు భాష గుర్తు ఉంటుంది. విండోస్ కీ పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే ఇంగ్లీష్‌కి మారుతుంది. ఈ తిప్పలు రోజూ ఎందుకనుకుంటే టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో టైపింగ్, అందులో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్ తెరిచి డిఫాల్ట్ ఇన్‌పుట్ దగ్గర ఇంగ్లీష్ పెట్టేసి, ఆ తర్వాతే కాపీ సెట్టింగ్స్ చేయండి. తెర తెలుగులో, కీబోర్డు మొదలు ఇంగ్లీష్‌లో. నాకు కుదిరిన జోడీ ఇదే.

తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) అలవాటు లేనివాళ్లు అదే తెలుగు ఎంపికల్లో ఫొనెటిక్ కీబోర్డు చేర్చుకోండి. 2019 నాటి 1903 వెర్షన్ నుంచి విండోస్‌లోనే ఉంది. ఇంగ్లీష్‌లో ఏ, ఎమ్, ఎమ్, ఏ కీలు నొక్కితే ‘అమ్మ’ అని వస్తుంది.

అక్షరాల రూపు మారిందా?

అప్‌గ్రేడ్ తర్వాత పాత తెలుగు డాక్యుమెంట్ తెరిస్తే పేజీల లెక్క మారిపోయిందనీ, అక్షరాలు వేరేగా ఉన్నాయనీ కంగారు పడేవాళ్లున్నారు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ఉన్న గౌతమి ఫాంటు, విండోస్ 7తో వచ్చిన వాణి ఫాంటు విండోస్ 10 నుంచి ఐచ్ఛిక భాగాల్లోకి వెళ్లిపోయాయి. మామూలుగా ఉండేది నిర్మలా యూఐ ఒక్కటే. ఫాంటు లేకపోతే దాని చోట నిర్మలా కూర్చుంటుంది, వెడల్పు తేడా వల్ల వరుసలు జరిగిపోతాయి. తెలుగుని భాషగా చేర్చుకుంటే ఆ రెండూ సాధారణంగా వాటంతటవే దిగుతాయి. దిగకపోతే ఆప్షనల్ ఫీచర్స్‌లో ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అని వెతికి వేసుకోండి.

యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ వేర్వేరు నంబర్లిచ్చే పద్ధతి) రాకముందు డీటీపీ ఫాంట్లతో, అంటే ముద్రణ పనులకి వాడిన పాత ఫాంట్లతో చేసిన ఫైళ్ల సంగతి వేరు. వాటిలో ఉన్నవి నిజానికి తెలుగు బొమ్మలు తొడుక్కున్న ఇంగ్లీష్ అక్షరాలు. డిస్‌ప్లే భాష మార్చడం వాటిని బాగుచేయదు, పాడూ చేయదు. ఆ ఫాంటు మళ్లీ ఎక్కించడమే మార్గం. అడ్మినిస్ట్రేటివ్ పెట్టెలో కనిపించే సిస్టమ్ లొకేల్ (యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాములకి భాష చెప్పే అమరిక) మారిస్తే పనవుతుందేమో అని చూడకండి. తెలుగుకి పాతకాలపు కోడ్ పేజీ (ఆ ప్రోగ్రాములు అక్షరాలను గుర్తుపట్టే పట్టిక) అంటూ లేదు. అక్కడే బీటా అని రాసి ఉండే యూటీఎఫ్-8 గడికి టిక్ పెడితే ఇప్పటిదాకా బాగా నడుస్తున్న పాత ప్రోగ్రాములు కూడా పిచ్చి అక్షరాలు చూపించవచ్చు.

తేదీల తీరు కూడా ఒకసారి చూసుకోండి. డిస్‌ప్లే భాష వేరు, రీజినల్ ఫార్మాట్ వేరు, రెండూ ఒకే పేజీలో పైనా కిందా ఉంటాయి. 03/04 అని ఉంటే అది మార్చి నాలుగో ఏప్రిల్ మూడో తేల్చేది రెండోదే.

ఉబుంటు, మ్యాక్ వాడేవాళ్లకి

ఉబుంటులో పుట్టు భాష గొడవ లేదు, అప్‌గ్రేడ్‌కి భాష అడ్డు రాదు. కాకపోతే కొత్త వెర్షన్‌కి మారాక భాషా ప్యాక్‌లు కొన్ని వెనకబడిపోతుంటాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రీజియన్ అండ్ లాంగ్వేజ్, అక్కడ ‘మేనేజ్ ఇన్‌స్టాల్డ్ లాంగ్వేజెస్’ తెరవగానే భాషా మద్దతు పూర్తిగా లేదని అదే చెప్పి, వేయమంటారా అని అడుగుతుంది. వేయమనండి. తర్వాత జాబితాలో తెలుగుని మౌస్‌తో పట్టుకుని ఇంగ్లీష్ పైకి లాగండి. ఇంగ్లీష్ రెండో స్థానంలో ఉండాలి, అనువాదం లేని చోట అదే ఆదుకుంటుంది. లాగిన్ తెర కూడా మారాలంటే ‘అప్లై సిస్టమ్-వైడ్’ నొక్కండి.

తిరిగి లాగిన్ అవగానే ఒక చిన్న పెట్టె వస్తుంది. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ లాంటి ఫోల్డర్ల పేర్లు కొత్త భాషలోకి మార్చమంటారా అని. విండోస్‌లో, మ్యాక్‌లో అలాంటి పేర్లు పైపై ముసుగే, డిస్క్ మీద అసలు పేరు అలాగే ఉంటుంది. ఉబుంటు మాత్రం నిజంగానే మార్చేస్తుంది. మీరు రాసుకున్న స్క్రిప్టులు, బ్యాకప్ ప్రోగ్రాములు పాత పేరుతో వెతికి ఖాళీ చేతులతో వస్తాయి. ‘పాత పేర్లే ఉంచు’ అని నొక్కి, మళ్లీ అడగొద్దన్న గడికి టిక్ పెట్టండి.

మ్యాక్‌లో ఇన్‌స్టాలర్‌కి భాషల వారీ రకాలు లేవు, అప్‌గ్రేడ్ మీ భాషను అలాగే ఉంచుతుంది. మార్చాలంటే సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, లాంగ్వేజ్ అండ్ రీజియన్, అక్కడ ప్లస్ గుర్తు. భాషల జాబితా మధ్యలో ఒక గీత ఉంటుంది. గీత పైన ఉన్న భాషలకి మెనూలన్నీ మారతాయి. కింద ఉన్నవి కొన్ని యాప్‌లకి, వెబ్‌సైట్లకి పనికొస్తాయి, అంతే. 2019లో వచ్చిన కాటలీనా నుంచి ఒక్కో యాప్‌కి ఒక్కో భాష పెట్టుకునే వీలు కూడా అదే పేజీలో ఉంది. వ్యవస్థ అంతా ఇంగ్లీష్‌లో ఉంచి ఒకటి రెండు యాప్‌లే మార్చుకునేవాళ్లకి అది చక్కటి సదుపాయం.

చదవలేని భాషలో ఇరుక్కుంటే

పొరపాటున వేరే భాష నొక్కి, తెర మొత్తం అర్థంకాని లిపిలోకి వెళ్లిపోయిందనుకోండి. అక్షరాలు మారతాయి కానీ చోట్లు మారవు. విండోస్ 11లో విండోస్ కీ, ఐ కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. పక్క పట్టీలో మొదట ఇంటి బొమ్మ ఉంటే దానితో కలిపి ఎనిమిదో వరుస, ఇంటి బొమ్మ లేకపోతే ఏడోది. అదే టైమ్ అండ్ లాంగ్వేజ్, గడియారం బొమ్మని బట్టి పోల్చుకోవచ్చు. లోపల రెండో వరుస నొక్కండి. తెరుచుకున్న పేజీలో మొట్టమొదటి పెట్టెలో ఇంగ్లీష్ ఉంటుంది, ఎంచుకుని, వచ్చిన బటన్ నొక్కి సైన్ అవుట్ అవ్వండి. అరబిక్, ఉర్దూ లాంటి భాషల్లో ఇరుక్కుంటే పట్టీ కుడివైపుకి వెళ్తుంది. వరుసలు మాత్రం పైనుంచి అలాగే లెక్కపెట్టండి.